గుమ్మం డ్యూటీ

సెప్టెంబర్ 1, ఆదివారం

ఛీ.

పొద్దున ట్రిప్‌లో మా కెప్టెన్ బాబాయ్ మళ్ళీ విమానాన్ని నేలకేసి కొట్టారు. దింపడం కాదు, కొట్టడమే. వెనక ఎవరో కెవ్వుమన్నారు. విమానం ఆగాక ఆయన సీటు వెనక్కి జరుపుకుని, బుగ్గలో లవంగాన్ని అటునుంచి ఇటు మార్చుకుని, "వెళ్ళు తల్లీ, గుమ్మం దగ్గర నిలబడు. నిన్ను చూస్తే జనానికి కాస్త హాయిగా ఉంటుంది" అన్నారు.

వెళ్ళాను. టోపీ పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ నిలబడ్డాను. ఒక బట్టతల పెద్దమనిషి నా భుజం మీద మూడు చారలు చూసి ఆగాడు. "నువ్వా అమ్మా నడిపింది?" అన్నాడు. నా జవాబు ఆయనకి అక్కర్లేదు. వెనకున్న వాళ్ళావిడ వైపు తిరిగి "చెప్పానా!" అన్నాడు.

నేను "సారీ అండీ" అన్నాను.

ఎందుకన్నట్టు? నేను చేసిందేమిటి? పక్క సీట్లో కూర్చుని ఎత్తు, వేగం పైకి చదువుతున్నాను. అంతే కదా.

మధ్యాహ్నం తిరుగు ట్రిప్ నేను దింపాను. చక్రాలు ఎప్పుడు తగిలాయో నాకే తెలియనంత మెత్తగా. అప్పుడు గుమ్మం దగ్గరికి ఎవరు వెళ్ళారు? ఇంకెవరు, బాబాయే. "నువ్వు లోపల సర్దుకో తల్లీ" అని లేచారు. "అద్భుతంగా దింపారు కెప్టెన్ గారూ" అని ఎవరో, "ఏదో మీ దయ" అని ఈయన, అంతా లోపలికి వినబడుతూనే ఉంది. మీ దయట!

పోనీలే. కమాండ్ బోర్డు ఇంకో మూడు వారాల్లో ఉంది. నన్ను కెప్టెన్‌గా సిఫారసు చేయాల్సింది ఆయనే. ఈ కంపెనీ పుట్టాక ఒక్క ఆడదాని భుజం మీదకీ నాలుగో చార ఎక్కలేదు. దానికోసం కాసేపు గుమ్మం డ్యూటీ చేస్తే నా సొమ్మేం పోయింది?

సెప్టెంబర్ 2, సోమవారం

బాబాయ్ చెడ్డమనిషి కారు. ఇది రాసి పెట్టుకోవాలి. చెయ్యి వెయ్యరు, వెకిలి మాటలాడరు. "పెళ్ళయింది, పిల్ల ఉంది, ఇంకా ఈ తిప్పలెందుకు మేడమ్" అని అడిగేవాళ్ళు మా పైలట్ల గదిలో బోలెడుమంది. ఆయన ఎన్నడూ అడగలేదు. కంపెనీలో అందరికీ బాబాయే. చీఫ్ పైలట్‌కి కూడా బాబాయే. నన్ను తల్లీ అనే పిలుస్తారు.

లవంగం వాసన మాత్రం నా కోటుకి పట్టేసింది. రెండుసార్లు ఉతికినా వదల్లేదు.

సెప్టెంబర్ 5, గురువారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. లేకపోతే రేపు నాకే అనుమానం వచ్చేలా ఉంది.

నడిపింది ఆయన. ఎగిరిన దగ్గర్నుంచి దిగేదాకా ఆయనే. ఎడమ పక్కనుంచి గాలి బాగా కొడుతోంది. రన్‌వే ఇంకా కాస్త దూరం ఉండగానే ఇంజన్ల పవర్ తగ్గించేశారు. అది ఆయన అలవాటు, తేలుతూ వచ్చి వాలాలని షోకు. "స్పీడ్ తగ్గుతోంది" అన్నాను. "చూస్తున్నా" అన్నారు. మళ్ళీ అన్నాను. ఈసారి జవాబు లేదు. ధభీమని పడ్డాం, పైకి ఎగిరాం, ఇంకా గట్టిగా పడ్డాం. వెనక సామాన్ల అరలు తెరుచుకుని సంచులు రాలిన చప్పుడు వినబడింది.

విమానం నిలిపారు. తర్వాత లవంగం ఇటునుంచి అటు మారింది. "వెళ్ళు తల్లీ."

వెళ్ళాను. ఇవాళ కూడా వెళ్ళాను! ఒకడు ఫోన్ ఎత్తి నన్ను వీడియో తీస్తుంటే నవ్వాను కూడా. అందరూ దిగాక చూస్తే వెనక డ్యూటీలో ఉన్న పిట్ట ముందుకి రాలేదు. బక్కపల్చగా ఉంటుందని ఆ పిల్లని అందరూ పిట్ట అంటారు. వెళ్ళి చూస్తే తన మడత సీట్లోనే కూర్చుని ఉంది. లేవలేకపోతోంది. నా చెయ్యి పట్టుకుని "కాళ్ళు జివ్వుమంటున్నాయి మేడమ్" అంది. స్ట్రెచర్ వచ్చింది.

బాబాయ్ వచ్చి దాని తల నిమిరారు. "ఏం కాదులే అమ్మా. మా అమ్మాయి ఇంకా నేర్చుకుంటోంది" అన్నారు, నావైపు చూస్తూ.

చుట్టూ అందరూ ఉన్నారు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

సెప్టెంబర్ 6, శుక్రవారం

పిట్టకి వెన్నుపూస చిట్లింది. ఆరు వారాలు మంచం మీదే.

సెప్టెంబర్ 7, శనివారం

బాబాయ్ క్యాంటీన్‌కి రమ్మన్నారు. కాఫీ ఆయనే తెచ్చారు, పంచదార ఆయనే కలిపారు, చెంచా కప్పు అంచున రెండుసార్లు కొట్టి నా ముందుకు జరిపారు.

"సేఫ్టీ ఆయన మంగళవారం నిన్ను పిలుస్తాడు. నువ్వు నడుపుతున్నావు, గాలికి అదుపు తప్పింది, చివర్లో నేను అందుకున్నాను. అంతే కదా జరిగింది."

"అంతే కదా" అన్నది నన్ను అడగడం కాదు. నేర్పించడం.

"బాబాయ్ గారూ, నడిపింది మీరు కదండీ" అన్నాను. గొంతు పిల్లికూన గొంతులా వచ్చింది.

ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "నేను ఈ ఏడాది రిటైరవుతున్నాను తల్లీ. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మచ్చ లేదు. నీకేం, వయసుంది. నాలుగు రోజులు సిమ్యులేటర్‌లో కూర్చోబెడతారు, అయిపోతుంది. తర్వాత బోర్డులో ఉండేది నేనే కదా. అమ్మాయి తప్పు దాచకుండా ఒప్పుకుంది, ఇంత నిజాయితీ ఎవరికుందని నేనే చెప్తా" అన్నారు.

అబద్ధం చెప్తే నిజాయితీ బిరుదు ఇస్తారట! ఆ కాఫీ పూర్తిగా తాగాను కూడా.

"ఆలోచిస్తానండీ" అని లేచి వచ్చాను. థూ.

సెప్టెంబర్ 9, సోమవారం

విమానంలో మాటలు రికార్డయ్యే పెట్టె ఉంటుంది కదా, దాంట్లో ఏమీ మిగల్లేదట. మెకానిక్‌లు కరెంటు ఆపకుండా చక్రాల పని చూసుకున్నారు. పాతదాని మీద కొత్తది ఎక్కేసింది. ఇప్పుడు దాంట్లో ఉన్నవి వాళ్ళు పాడుకున్న పాటలు, ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు. మా విమానంలో రెండు స్టీరింగులూ కలిసే కదులుతాయి కాబట్టి కదిపిన చెయ్యి ఎవరిదో మిగతా యంత్రాలకీ తెలియదు.

సాయంత్రం మా ఆయన ఫోన్ పట్టుకొచ్చి ఆ వీడియో చూపించాడు. కింద జనం రాతలు. "కుక్కర్ దింపుకోవాల్సిన చేతులు" అట. "అందంగా ఉంది, అందుకే ఇచ్చారు ఉద్యోగం" అట. చదువుతుంటే ఎవరో ఎంగిలి చేత్తో మొహం తడిమినట్టుంది.

"నువ్వు నవ్వుతున్నావేంటే ఇందులో?" అన్నాడు ఈయన.

అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. తల ఎత్తకుండా అడిగింది. "నువ్వా దింపింది?"

"కాదత్తయ్యా. బాబాయ్ గారు."

"మరి నువ్వెందుకు నిలబడ్డావే గుమ్మం దగ్గర?"

"పెద్దాయన పొమ్మంటే..." అని నసిగాను.

"పోనీలేమ్మా" అన్నాడు ఈయన మధ్యలో దూరి. "రిటైరయ్యే మనిషి. ఒక్క మాట సర్దుకుంటే కెప్టెన్ అయిపోతుంది. అయ్యాక తన ఇష్టం."

అత్తయ్య ఈయన్ని పట్టించుకోలేదు. "లోపల మీరిద్దరే ఉంటారు. మీలో ఎవరు నడిపారో బయటివాళ్ళకి తెలిసే దారే లేదా?"

ఉంది. చెప్పాను. మాలో ఒకరు నడుపుతుంటే టవర్‌తో మాట్లాడేది రెండోవాళ్ళు. నడిపేవాళ్ళు మాట్లాడరు. ఆ రోజు దిగేదాకా టవర్‌తో మాట్లాడింది నేనే. టవర్ వాళ్ళ దగ్గర ఆ టేపు నెలరోజులు ఉంటుంది.

"గొంతు నీదని పోల్చగలరా?"

"ఈ కంపెనీ పైలట్లలో ఆడగొంతు నాదొక్కటే అత్తయ్యా."

అత్తయ్య నా యూనిఫామ్ చొక్కా దులిపి మడతేసింది. "ఇక దేనికి ఏడుస్తున్నావు మరి?" అని బట్టలు తీసుకుని లోపలికి పోయింది.

నాకు మొదటిరోజే తెలుసు. గురువారం వరసగా రాస్తున్నప్పుడు కూడా తెలుసు. ఇక్కడ రాసుకోలేదు. రాస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని.

సెప్టెంబర్ 10, మంగళవారం

సేఫ్టీ ఆఫీసర్ గది. ఆయన్ని మేమంతా నిమ్మళం అంటాం. ప్రతి మాటకీ ముందో వెనకో "నిమ్మళంగా" అంటాడు కాబట్టి.

"నిమ్మళంగా చెప్పమ్మా. ఎవరు నడుపుతున్నారు?"

"గుర్తు లేదండీ. షాక్‌లో ఉన్నాను."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

నిమ్మళం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "టవర్ టేపు ఉంటుంది. నువ్వు అడిగితే తెప్పిస్తా. అడక్కపోతే నాకెందుకు? నెల దాటితే వాళ్ళే చెరిపేస్తారు. బాబాయ్ చెప్పింది బాబాయ్ చెప్పాడు, నీకు గుర్తు లేదు, సరిపోయింది. నిమ్మళంగా ఆలోచించుకో."

అంటే నిమ్మళానికీ తెలుసు. చీఫ్ పైలట్‌కీ తెలిసే ఉంటుంది. అందరికీ తెలుసు, అందరూ నా నోటికేసి చూస్తున్నారు, అది మూసే ఉండాలని.

సెప్టెంబర్ 11, బుధవారం

గుర్తు లేదట! గాలి ఎంత వేగంతో ఏ పక్కనుంచి కొట్టిందో కూడా చెప్పగలను నేను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఆస్పత్రికి వెళ్ళాను. ఎనిమిది రోజులు పట్టింది నాకు వెళ్ళడానికి. పని ఉందని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

పిట్ట వెల్లకిలా పడుకుని ఉంది, నడుముకి పట్టీతో. వాళ్ళ అమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుని మంచినీళ్ళు తెస్తానని బయటికి పోయింది. నీళ్ళు రాలేదు. ఆవిడా రాలేదు.

"మా అమ్మని ఏమీ అనుకోకండి మేడమ్" అంది పిట్ట. "నాకు మీ మీద కోపం లేదు. ఎవరికైనా జరుగుతుంది."

"బెల్టు పెట్టుకున్నావు కదే?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నడుం బెల్టు పెట్టుకున్నా. భుజాల బెల్టు పెట్టుకోలేదు. తప్పు నాదే." సిగ్గుపడుతూ చెప్పింది. "నిజం చెప్తా, ఏమీ అనుకోరు కదా? మీరు దింపే రోజు మేమంతా భుజాల బెల్టు కూడా బిగించుకుంటాం. బాబాయ్ గారు దింపుతుంటే అక్కర్లేదనుకుంటాం. ఆ రోజు కాఫీ ఇవ్వడానికి వస్తే ఈ ట్రిప్ నేనే దింపుతున్నా అన్నారు ఆయన. హమ్మయ్య అనుకున్నా. చివర్లో మీ చేతికి ఇస్తారని నాకేం తెలుసు?"

"నా చేతికి ఇచ్చారని ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది మేడమ్. మీరు గుమ్మం దగ్గర నిలబడ్డారు కదా."

ఇంకా చెప్పింది ఆ పిచ్చిపిల్ల. వెనక వాళ్ళంతా నాకు పేరు పెట్టారట. ధభేల్ మేడమ్. గట్టిగా దిగిన ప్రతిసారీ గుమ్మం దగ్గర నేను. మెత్తగా దిగిన ప్రతిసారీ ఆయన. వాళ్ళకి లోపలి సంగతి ఎలా తెలుస్తుంది? చూసింది లెక్కేసుకున్నారు. రెండేళ్ళుగా నేను నవ్వుతూ నిలబడి వాళ్ళకి ఆ లెక్క నేర్పాను. ఆ లెక్క నమ్మే ఈ పిల్ల బెల్టు వదిలేసింది.

"పిట్టా, అవేవీ నావి కావే" అన్నాను.

దానికి అర్థం కాలేదు. "ఏవి మేడమ్?"

"గట్టిగా పడ్డవి. నావి కూడా ఒకటీ అరా ఉంటాయి. మిగతావన్నీ ఆయనవి. మొన్నటిది కూడా."

పిట్ట కళ్ళు పెద్దవి చేసి చూసింది. తిడుతుందనుకున్నాను. "మరి చెప్పొచ్చు కదా మేడమ్" అంది, అంతే.

బయటికొచ్చి మెట్ల పక్క కుళాయి దగ్గర వాంతి చేసుకున్నాను. ఆయన్ని తలుచుకుని కాదు. ఆ వీడియోలో నా పళ్ళు తలుచుకుని.

సెప్టెంబర్ 16, సోమవారం

పొద్దున్నే నిమ్మళం గదికి వెళ్ళి, నిలబడే చెప్పాను. "గుర్తు లేదన్నది అబద్ధం. నడిపింది ఆయన. టవర్ టేపు తెప్పించండి."

"కమాండ్ బోర్డు వచ్చే వారమే కదమ్మా. నిమ్మళంగా..."

"ఇవాళే తెప్పించండి."

సెప్టెంబర్ 18, బుధవారం

పైలట్ల గదిలో నేను అడుగుపెడితే కబుర్లు ఆగిపోతున్నాయి. ఒకడు నాకు వినబడేలా పక్కవాడితో అన్నాడు: "తండ్రిలాంటి మనిషిని." తండ్రి! నా తండ్రే ఇలా చేస్తే ఇంట్లో తలుపు తీసేదాన్ని కాదు.

ఈయన కూడా అన్నం పెట్టుకుంటూ "కెప్టెన్ అయ్యాక చెయ్యాల్సింది ఈ యుద్ధం" అన్నాడు. అయ్యాక ఇంకో మెట్టు ఉంటుంది, దాని తర్వాత ఇంకోటి. అలా ఎక్కుతూ గుమ్మం దగ్గరే ముసలిదాన్నైపోతాను. ఆ మాట పైకే అన్నాను. అత్తయ్య ఇంకో గరిటె అన్నం నా కంచంలో వేసింది.

సెప్టెంబర్ 24, మంగళవారం

విచారణ గదిలో పొడుగాటి బల్ల. ఒక పక్క చీఫ్ పైలట్, నిమ్మళం, ఇంకో ఇద్దరు. ఎదురుగా నేనూ బాబాయ్, పక్కపక్కనే, కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే. లవంగం వాసన.

ముందు బాబాయ్ చెప్పాడు, ఇస్త్రీ మడత నలగకుండా. "అమ్మాయే నడిపింది. నేను టవర్‌తో మాట్లాడుతున్నాను. అదుపు తప్పుతుంటే చివరి క్షణంలో అందుకున్నాను. లేకపోతే ఇంకా ఘోరం జరిగేది. దాన్నేమీ అనకండి, బంగారం లాంటి పిల్ల."

నిమ్మళం టేపు పెట్టాడు. గరగరమని చప్పుడు. తర్వాత నా గొంతు. రన్‌వే కనబడుతోందని నేను. దిగమని టవర్. దిగుతున్నామని నేను. గాలి పెరిగిందని టవర్. విన్నామని నేను. మొదటినుంచి చివరిదాకా నేనే. సన్నగా, స్పష్టంగా, తప్పు లేకుండా. నా గొంతు అంత బాగుంటుందని నాకెప్పుడూ తెలియదు.

టేపు అయిపోయాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

బాబాయ్ నవ్వాడు. సిగ్గుపడి కాదు. మనవరాలు ఆటలో గెలిస్తే తాతయ్య నవ్వే నవ్వు. "పెద్దవాణ్ణి అయిపోయాను తల్లీ. ఏ ట్రిప్‌లో ఎవరు నడిపామో గుర్తుండి చావదు."

చీఫ్ పైలట్ కూడా నవ్వాడు! "పోనీలే బాబాయ్, వయసు" అని. గదిలో గాలి ఆడింది. మిగతా ఇద్దరూ నవ్వారు. క్షణం క్రితం ఆ మనిషి నా బతుకు మీద మోపిన అబద్ధం, మతిమరుపైపోయింది.

"పిట్ట లేవలేకపోతోంది" అన్నాను. "మీకు గుర్తుండి చావకపోతే చావకపోనీండి. ఆ పిల్లకి గుర్తుంటుంది, లేచి కూర్చున్న ప్రతిసారీ. గట్టిగా దింపిన ప్రతిసారీ నన్ను గుమ్మం దగ్గరికి పంపారు. మెత్తగా దిగితే మీరు వెళ్ళారు. నన్ను తల్లీ అనకండి ఇంక. వింటుంటే అసహ్యంగా ఉంది."

"మాటలు జాగ్రత్త" అన్నాడు చీఫ్ పైలట్. టేపు విన్నంతసేపూ రాని కోపం అప్పుడొచ్చింది ఆయనకి.

సెప్టెంబర్ 27, శుక్రవారం

కమాండ్ వచ్చే ఏడాది చూద్దామన్నారు. నడపడంలో లోపమేమీ లేదట. "నలుగురితో కలిసి పోయే గుణం ఇంకా రావాలి" అట.

బాబాయ్‌ని విమానం నడపడం నుంచి తప్పించారు. కొత్తగా చేరే పైలట్లకి పాఠాలు చెప్తాడట, రిటైరయ్యేదాకా. పాఠాలు!

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. కోటు లాండ్రీకి వేసొచ్చాను.

సెప్టెంబర్ 28, శనివారం

అర్థం లేకుండా ఏడ్చాను. కూరగాయలు తరుగుతూ. నాలుగో చార కావాలి నాకు. చాలా కావాలి. అక్కర్లేదని ఇక్కడ కూడా అబద్ధం రాయను.

అత్తయ్య కత్తిపీట నా ముందునుంచి లాక్కుని తనే తరిగింది.

నవంబర్ 14, గురువారం

చాలా రోజులైంది రాసి.

ఇవాళ కెప్టెన్ బుడ్డోడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, మొన్నటి బోర్డులో నెగ్గాడు. వాడి మీద కోపం పెట్టుకుందామని చూశాను, కుదరలేదు. పిట్ట మళ్ళీ డ్యూటీలో చేరి ఇవాళ్టికి మూడో రోజు. వెనక సీటు దానిదే.

ట్రిప్ నాది. గాలి ఉంది, మరీ ఎక్కువేం కాదు. అన్నీ బాగానే చేస్తూ వచ్చి, ఆఖర్న పవర్ ఒక్క క్షణం ముందు తీసేశాను. ధభేల్. నా పళ్ళు కూడా టకటకమన్నాయి.

"గాలి మేడమ్, గాలి" అన్నాడు బుడ్డోడు.

"గాలి కాదు. నేనే తొందరపడ్డాను."

విమానం ఆగింది. వాడు నా మొహం చూసి, జాలిపడి, బెల్టు విప్పుకోబోయాడు. "మీరు కూర్చోండి మేడమ్. గుమ్మం దగ్గరికి నేను వెళ్తాను."

"కూర్చోరా బాబూ. ఇది నాది" అని లేచాను.

టోపీ పెట్టుకుని నిలబడ్డాను. నవ్వలేదు. దిగేవాళ్ళు నన్ను చూస్తూ దిగుతున్నారు. చంకలో పిల్లాడితో ఒకావిడ నా ముందు ఆగింది. "నడుం విరగ్గొట్టావు కదమ్మా! నువ్వేనా నడిపింది?"

"నేనేనండీ. తప్పు నాదే, సారీ."

ఆవిడ ఇంకో నాలుగు మాటలు అనడానికి సిద్ధమై, పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుని దిగిపోయింది.

అందరూ దిగాక పిట్ట సీట్ల మధ్యనుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని. నా ముందుకొచ్చి మొహంలోకి చూసింది.

"ఇవాళ్టిది ఎవరిది మేడమ్?"

"నాది."

"భుజాల బెల్టు పెట్టుకున్నాలెండి" అంది.